కంటికి ఒకే శైవలం, డీఎన్‌ఏలో మూడు గుంపులు: హిప్నియాలో నిగూఢ జాతులను ఎలా నిర్ధారించాలి?

ప్రశ్న: జలధి

అందరికీ నమస్కారం. సముద్రపు ఎర్ర శైవలాల వర్గీకరణ మీద పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థిని. ప్రస్తుతం హిప్నియా ప్రజాతి నమూనాల మీద పని చేస్తున్నాను. అలల తాకిడి ఎక్కువగా ఉండే రాళ్ల మీద నుంచి కొన్నిటిని, ఆటుపోట్ల మధ్య నీరు నిలిచే మడుగుల నుంచి మరికొన్నిటిని సేకరించాను. పొడవైన గుండ్రటి కాడలు, వాటి మీద ముళ్లలాంటి చిన్న చిన్న కొమ్మలు, కొన్ని కాడల చివర కొక్కెంలా వంగిన ఉబ్బు కనిపిస్తాయి. అందుబాటులో ఉన్న గుర్తింపు పట్టికలు ఏవి చూసినా, ఈ లక్షణాలతో నమూనాలన్నీ హిప్నియా మస్కిఫార్మిస్ అనే పేరు దగ్గరకే చేరుతున్నాయి.

డీఎన్‌ఏ చూస్తే పరిస్థితి వేరుగా ఉంది. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు మొదటి భాగాన్ని చదివినప్పుడు నమూనాలు స్పష్టంగా మూడు గుంపులుగా విడిపోయాయి. ఒక్కో గుంపు లోపల తేడా 0.3 శాతం దాటలేదు, గుంపుకూ గుంపుకూ మధ్య మాత్రం 4 నుంచి 6 శాతం వరకు ఉంది. హరితరేణువులోని ఆర్‌బీసీఎల్ జన్యువు చదివినా అవే మూడు గుంపులు వచ్చాయి, అక్కడ తేడా 1.5 నుంచి 2.5 శాతం. మొదటి రెండు గుంపులు ఒకే రాతి మీద పక్కపక్కన పెరుగుతుండగా, మూడో గుంపు మడుగుల్లో మాత్రమే దొరికింది.

మా ప్రయోగశాలలో దీని మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. రెండు జన్యువులు ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ఇవి మూడు నిగూఢ జాతులేనని, అంటే రూపంలో ఒకేలా ఉన్నా జన్యుపరంగా వేరైన జాతులేనని, కొందరు అంటున్నారు. రూపంలో ఒక్క తేడా అయినా చూపలేనప్పుడు జాతి అని ఎలా అంటామని మరికొందరు అడుగుతున్నారు. ఈ రెండు జన్యువులతో ఆగిపోవచ్చా, లేక ఇంకేమైనా చూడాలా? సూక్ష్మదర్శిని కింద నేను వెతకవలసిన లక్షణాలు ఏవి? ఈ రెంటి గురించి అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: అణువు

మీ ఫలితాలు బాగున్నాయి. గుంపు లోపలి తేడాకూ గుంపుల మధ్య తేడాకూ నడుమ ఇంత ఖాళీ ఉన్నప్పుడు, వేర్వేరు జాతులు ఉన్నాయన్న అనుమానానికి బలమైన ఆధారం ఉన్నట్లే. ఎర్ర శైవలాల్లో ఈ పద్ధతికి పునాది పడింది 2005లో. జంతువుల కోసం హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన సీఓఐ బార్‌కోడ్ (జాతిని గుర్తుపట్టడానికి వాడే చిన్న డీఎన్‌ఏ భాగం), ఎర్ర శైవలాలకూ పనికొస్తుందని గ్యారీ సాండర్స్ 2005లో చూపించారు. మీరు చదివిన సుమారు 664 క్షారాల భాగం అదే. సీఓఐ త్వరగా మారే జన్యువు కాబట్టి దగ్గరి జాతులను విడదీయడంలో దాని బలం ఎక్కువ. ఆర్‌బీసీఎల్ నెమ్మదిగా మారుతుంది. ఒక జాతి ఏ ప్రజాతిలో, ఏ బంధువుల పక్కన నిలుస్తుందో తేల్చడానికి అది మెరుగైనది, పైగా ప్రపంచవ్యాప్తంగా పోల్చుకోవడానికి దాని అనుక్రమాలు (చదివిన క్షారాల వరుసలు) విరివిగా ఉన్నాయి. రెండూ చదవడం మంచి నిర్ణయం.

అయితే మీ ప్రయోగశాలలో ఎవరూ లేవనెత్తని అభ్యంతరం ఒకటి ఉంది. సీఓఐ, ఆర్‌బీసీఎల్ రెండూ ఒకే మాట చెప్పాయి కాబట్టి ఇద్దరు వేర్వేరు సాక్షులు దొరికినట్లు మనం భావిస్తాం. కానీ ఎర్ర శైవలాల్లో మైటోకాండ్రియా, హరితరేణువు రెండూ సాధారణంగా తల్లి వైపు నుంచే సంక్రమిస్తాయి. తల్లి వంశం ఎలా విడిపోయిందో ఆ రెండూ చెప్పగలవు గాని, మీ గుంపుల మధ్య సంకరణం జరుగుతోందా లేదా అన్న విషయం వాటిలో కనిపించదు. దానికి కేంద్రక జన్యువు కావాలి. కేంద్రకంలోని రైబోజోమ్ జన్యువుల మధ్య ఉండే ఐటీఎస్ భాగం చాలామంది వాడతారు, కానీ ఒకే జీవిలో దాని ప్రతులు అనేకం ఉండి, వాటి మధ్యే తేడాలు రావచ్చు కాబట్టి ఫలితాన్ని చదవడం కష్టమవుతుంది. ఎల్ఎస్‌యూ అనే రైబోజోమ్ జన్యువు గాని, ఈఎఫ్2 అనే జన్యువు గాని ప్రయత్నించండి. కొత్త తరం సీక్వెన్సింగ్ అందుబాటులో ఉంటే, కేంద్రకం అంతటా పరచుకున్న వందలాది స్థానాలను ఒకేసారి పోల్చవచ్చు.

మీ దగ్గర ఉన్న అత్యంత విలువైన సమాచారం శాతాల్లో లేదు, మొదటి రెండు గుంపులు ఒకే రాతి మీద కలిసి పెరుగుతున్నాయన్న పరిశీలనలో ఉంది. దూరదూరంగా ఉన్న రెండు సమూహాల డీఎన్‌ఏ వేరుగా ఉంటే, అవి కలుసుకునే అవకాశం లేక మాత్రమే వేరయ్యాయని ఎవరైనా వాదించవచ్చు. ఒకే రాతి మీద, ఒకే నీటిలో, బహుశా ఒకే కాలంలో పునరుత్పత్తి చేస్తూ కూడా కేంద్రక జన్యువుల్లో కలవకుండా ఉన్నాయంటే ఆ వాదన నిలవదు. అందువల్ల మొదటి రెండు గుంపుల నుంచి, వీలైనంత దగ్గరగా పెరిగిన మొక్కలను ఎంచుకొని కేంద్రక జన్యువును చదవండి. మడుగుల్లోని మూడో గుంపు విషయంలో ఇంత గట్టి ఆధారం దొరకదు కాబట్టి, అలాంటి మడుగులు ఉన్న మరికొన్ని చోట్ల నుంచి నమూనాలు తేవడం అవసరం.

ఎర్ర శైవలాల్లో నిగూఢ జాతులు ఇంత ఎక్కువగా బయటపడటానికి కారణం వాటి జీవన విధానంలోనే ఉంది. వీటి జీవితచక్రంలో ఏ దశలోనూ కశాభాలు (ఈదడానికి పనికొచ్చే తోకలు) ఉండవు. పురుష కణాలు ఈదలేవు, నీరు ఎటు తీసుకెళ్తే అటు పోవలసిందే. (ఐసోపోడ్ అనే చిన్న క్రస్టేషియన్లు గ్రాసిలేరియా గ్రాసిలిస్ అనే ఎర్ర శైవలం పురుష కణాలను ఒంటికి అంటించుకొని స్త్రీ మొక్కలకు చేరవేస్తాయని 2022లో ప్రచురితమైన పరిశోధన చూపింది. నాకు ఎంతో ఇష్టమైన ఆవిష్కరణ అది.) సిద్ధబీజాలు కూడా చాలావరకు పుట్టిన చోటికి దగ్గరలోనే స్థిరపడతాయి. అందుకే కొద్ది దూరంలోనే వంశాలు విడిపోగలవు. ఫిలిప్పీన్స్‌లో పోర్టియేరియా హోర్నెమాన్ని అనే ఒక్క పేరుతో చలామణీ అయిన శైవలాన్ని మైటోకాండ్రియా, హరితరేణువు, కేంద్రకం మూడింటి జన్యువులతో పరీక్షించినప్పుడు 21 నిగూఢ జాతులు తేలాయి. 2013లో వచ్చిన ఆ పరిశోధనలో చాలా జాతులు ఆ దీవుల్లోని చిన్న చిన్న ప్రాంతాలకే పరిమితమై కనిపించాయి. మీ మూడు గుంపులు అసాధారణమేమీ కావు.

గుంపుల హద్దులు తేల్చడానికి ఏబీజీడీ, ఏసాప్, జీఎంవైసీ, పీటీపీ వంటి గణన పద్ధతులు ఉన్నాయి. వాటిలో ఒక్కదాని మీదే ఆధారపడవద్దు. మొదటి రెండూ అనుక్రమాల మధ్య దూరాలను చూస్తాయి, తరువాతి రెండూ వంశవృక్షం కొమ్మల తీరును చూస్తాయి. నాలుగూ ఒకే చోట గీత గీస్తే మంచిది, గీయకపోతే ఆ భేదాన్ని దాచకుండా వ్యాసంలో రాయండి. జీఎంవైసీ, పీటీపీ అవసరానికి మించి ముక్కలు చేసే సందర్భాలు తరచుగా ఎదురవుతాయి. ఒక గుంపులో ఒక్క నమూనా మాత్రమే ఉంటే ఏ పద్ధతీ నమ్మదగిన జవాబు ఇవ్వదు.

చివరిగా ప్రయోగశాల పనిలో ఒక జాగ్రత్త. హిప్నియా కణకవచాల్లోని కారాజీనన్ అనే జిగురు పదార్థం డీఎన్‌ఏతో పాటు బయటికి వచ్చి, డీఎన్‌ఏ ప్రతులను పెంచే పీసీఆర్ చర్యను అడ్డుకుంటుంది. సంగ్రహించిన డీఎన్‌ఏను పది రెట్లు పలుచన చేస్తే చాలాసార్లు చర్య నడుస్తుంది. అంతకన్నా ప్రమాదకరమైనది, పైన అంటుకొని పెరిగే ఇతర ఎర్ర శైవలాల డీఎన్‌ఏ. చర్య చక్కగా నడుస్తుంది, అనుక్రమం శుభ్రంగా వస్తుంది, కానీ అది మీ మొక్కది కాదు. కొమ్మ చివరి లేత భాగాన్ని స్టీరియో సూక్ష్మదర్శిని కింద శుభ్రం చేసి, దాన్నే వాడండి.

సమాధానం: సూక్ష్మదర్శిని

అణువు గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ‘రూపంలో ఒక్క తేడా అయినా చూపలేనప్పుడు’ అని మీరు రాసిన మాట దగ్గర ఆగిపోయాను. ఇంతవరకు ఏం చూశారో మీ ప్రశ్నలో లేదు. గుర్తింపు పట్టికలో ఉన్న లక్షణాలు చూసి తేడా లేదనడానికీ, మొక్క లోపలి నిర్మాణం, పునరుత్పత్తి అవయవాలు పూర్తిగా చూసి తేడా లేదనడానికీ చాలా దూరం ఉంది. నిగూఢ జాతులుగా ప్రకటించిన వాటిలో కొన్ని, ఎవరూ తగినంత శ్రద్ధగా చూడనందువల్లే నిగూఢంగా మిగిలాయని నా అభిప్రాయం.

మీరు చెప్పిన కొక్కెం గురించి ముందు చెబుతాను. అది కంటికి కొట్టొచ్చినట్లు కనిపించే లక్షణం, కానీ ఒంటరిగా దాన్ని నమ్మరాదు. ఇతర శైవలాలను పట్టుకొని నిలబడటానికి ఆ కొక్కెం ఉపయోగపడుతుంది. ఒకే జాతి మొక్కల్లో కొన్నిటికి విరివిగా ఉండి, మరికొన్నిటికి దాదాపు లేకపోవచ్చు. నీటి తాకిడి, వెలుతురు, మొక్క వయసు వీటిని బట్టి కాడ మందం, కొమ్మల ఒత్తు, రంగు అన్నీ మారతాయి. బాగా వెలుతురు తగిలే చోట పసుపు రంగుకు తిరిగిన మొక్క, నీడలో ముదురు ఎరుపుగా ఉంటుంది. బ్రెజిల్ తీరంలో హిప్నియా మస్కిఫార్మిస్, నైగ్రెసెన్స్, వాలెన్షియే అనే మూడు పేర్లతో వేరుచేస్తూ వచ్చిన రూపాలు డీఎన్‌ఏ పరీక్షలో ఒకే జాతిగా తేలాయి. మీ సమస్యకు అది సరిగ్గా తలకిందులు. అక్కడ రూపాలు మూడు, జాతి ఒకటి. మీ దగ్గర రూపం ఒకటి, జాతులు బహుశా మూడు. రెండూ ఒకే ప్రజాతిలో జరుగుతున్నాయంటే, పైరూపం ఎంత బలహీనమైన ఆధారమో తెలుస్తుంది.

ఇక లోపలికి వెళ్దాం. ప్రధాన కాడ మధ్య భాగం నుంచే, ప్రతి మొక్కలోనూ అదే చోటు నుంచి, కొత్త బ్లేడుతో పలుచని అడ్డుకోతలు తీయండి. కొమ్మ చివరా మొదలూ కలిపి పోలిస్తే కణాల కొలతలకు అర్థం ఉండదు. 1 శాతం అనిలిన్ బ్లూ ద్రావణంలో కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి రంగు పట్టించండి. కోత సరిగ్గా వస్తే నడిమధ్యన ఒక చిన్న అక్షకణం, దాని చుట్టూ రంగులేని పెద్ద పెద్ద దవ్వ కణాలు, అంచున ఒకటి రెండు వరుసల్లో రంగు నిండిన చిన్న వల్కల కణాలు కనిపిస్తాయి. ఆ దవ్వ కణాల గోడలను ఓపికగా చూడండి. కొన్ని హిప్నియా జాతుల్లో గోడ ఒకచోట కటకంలా ఉబ్బి, చుట్టూ ఉన్న గోడ కన్నా మెరుస్తూ ఉంటుంది. ఆ ఉబ్బులు ఉన్నాయా లేవా, ఉంటే ఏ భాగంలో ఎంత తరచుగా ఉన్నాయి అన్నది జాతులను వేరుచేయడానికి వాడే లక్షణాల్లో ఒకటి. వల్కలంలో కణాల వరుసలు ఎన్ని, పైనుంచి చూసినప్పుడు ఆ కణాల పరిమాణం ఎంత అన్నది కూడా రాసుకోండి.

దీనికన్నా ముఖ్యమైనవి పునరుత్పత్తి అవయవాలు. హిప్నియాలో చతుస్సిద్ధబీజాశయాలు (నాలుగేసి సిద్ధబీజాలను ఇచ్చే సంచులు) అడ్డంగా మూడు గోడలతో నాలుగు భాగాలుగా విడిపోతాయి, ఇది ప్రజాతి అంతటికీ వర్తించేదే కాబట్టి జాతులను వేరుచేయదు. అవి చిన్న కొమ్మలో ఎక్కడ గుంపుగా చేరతాయన్నది మాత్రం చూడదగినది. కొమ్మ మొదట్లో పట్టీలా ఉబ్బుతుందా, నడుమనా, లేక చివరి వరకూ పాకుతుందా? సిస్టోకార్పులు (ఫలదీకరణ తరువాత స్త్రీ మొక్క మీద ఏర్పడే ఉబ్బులు) ఒంటరిగా ఉన్నాయా, గుంపుగా ఉన్నాయా, వాటి వ్యాసం ఎంత? పురుష మొక్కలు అరుదుగా దొరుకుతాయి గనుక చాలామంది వదిలేస్తారు, వదలవద్దు. గ్రాసిలేరియా విషయంలో ఏళ్ల తరబడి కొనసాగిన గందరగోళం తీరడానికి పురుష అవయవాల అమరిక, సిస్టోకార్పు లోపలి నిర్మాణం ఎంతగానో తోడ్పడ్డాయి. సన్నని తీగల్లాంటి గ్రాసిలేరియాను, గ్రాసిలేరియాప్సిస్‌ను పైనుంచి చూసి చెప్పడం చాలా కష్టం. సిస్టోకార్పును కోసి చూస్తే, గ్రాసిలేరియాలో పోషక కణాలు గొట్టాల్లా సాగి చుట్టూ ఉన్న గోడను తాకుతాయి, గ్రాసిలేరియాప్సిస్‌లో అవి ఉండవు.

దశల విషయంలో హిప్నియా మీకు మేలు చేసింది, దాని సంయోగబీజద మొక్కా (స్త్రీ, పురుష కణాలను ఇచ్చేది) సిద్ధబీజద మొక్కా (సిద్ధబీజాలను ఇచ్చేది) ఒకేలా ఉంటాయి. కొన్ని ప్రజాతుల్లో అలా కాదు. ఆస్పరాగోప్సిస్ సిద్ధబీజద దశ దూదిపింజలాంటి వేరే రూపంలో ఉండి ఫాల్కెన్‌బెర్జియా అనే వేరే పేరు మోసింది. గవ్వల్లో తొలుచుకొని పెరిగే కాంకోసెలిస్, పోర్ఫైరా జీవితంలో ఒక దశేనని క్యాథ్లీన్ డ్రూ 1949లో చూపేవరకూ దాన్ని స్వతంత్ర ప్రజాతిగానే భావించారు. అయినా మీరు పోల్చేటప్పుడు స్త్రీ మొక్కను స్త్రీ మొక్కతో, సిద్ధబీజద మొక్కను సిద్ధబీజద మొక్కతోనే పోల్చండి.

పని ఏ వరుసలో చేయాలన్నది ఇప్పుడు చెబుతాను, ఇది నేను గట్టిగా నమ్మే విషయం. ముందు డీఎన్‌ఏతో గుంపులు వేసుకోండి. తరువాత గుంపు పేరు కనిపించకుండా స్లైడ్లకు అంకెలు మాత్రమే వేసి, ఏది ఏ గుంపుదో తెలియని మనిషి చేత కొలతలు తీయించండి. ఆ కొలతలను చివర్లో గుంపులవారీగా విడదీసి చూడండి. గుంపు తెలిసి చూసే కన్ను తనకు కావలసిన తేడాను కనిపెట్టేస్తుంది. సగటులు వేరుగా ఉంటే సరిపోదు, కొలతల విస్తృతులు ఒకదాని మీదకి ఒకటి ఎంతవరకు వస్తున్నాయో చూపాలి. ఒక్క లక్షణమూ చాలకపోయినా, నాలుగైదు లక్షణాలు కలిపి చూస్తే గుంపులు విడిపోవడం అరుదేమీ కాదు. ఇంత చేసిన తరువాత కూడా తేడా కనిపించకపోతే, అప్పుడు నిగూఢ జాతులని ధైర్యంగా రాయండి.

జలధి

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఒకే రాతి మీద పెరిగిన మొక్కల కేంద్రక జన్యువును చదవాలన్న సూచన, అంకెలు మాత్రమే వేసిన స్లైడ్ల సూచన వెంటనే అమలు చేస్తాను. అడ్డుకోతలు ఇంతవరకు కొమ్మ చివర్ల దగ్గర మాత్రమే చూశాను.

మరొక సందేహం. నా మొదటి గుంపు అనుక్రమాలు, జన్యు సమాచార నిధిలో హిప్నియా మస్కిఫార్మిస్ అనే పేరుతో ఉన్న కొన్ని అనుక్రమాలతో దాదాపు నూటికి నూరు శాతం సరిపోతున్నాయి. అంటే మొదటి గుంపుకు ఆ పేరు ఖాయం చేసి, మిగిలిన రెండిటినీ కొత్త జాతులుగా వర్ణించవచ్చా?

సమాధానం: పాతనమూనా

దయచేసి అంత త్వరపడవద్దు. సమాచార నిధిలోని పేరు, ఆ అనుక్రమాన్ని అందులో ఉంచిన వ్యక్తి తన నమూనాకు పెట్టుకున్న పేరు మాత్రమే. ఆయన కూడా మీరు వాడిన లాంటి గుర్తింపు పట్టికతోనే ఆ పేరుకు చేరి ఉండవచ్చు. మీ మొదటి గుంపు ఆయన నమూనాతో ఒకటే జాతి అని ఆ సరిపోలిక నిరూపిస్తుంది, ఆ జాతి పేరు ఏమిటన్నది నిరూపించదు.

శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల అంతర్జాతీయ నామకరణ నియమావళి ప్రకారం పేరు టైప్ నమూనాకు, అంటే ఆ పేరుకు శాశ్వత ఆధారంగా నిలిపిన నమూనాకు, కట్టుబడి ఉంటుంది. హిప్నియా మస్కిఫార్మిస్ పేరుకు మూలం 1791లో వుల్ఫెన్ ఫ్యూకస్ మస్కిఫార్మిస్ అని వర్ణించిన శైవలం. అది అడ్రియాటిక్ సముద్రంలోని ట్రియెస్ట్ దగ్గరిది. లామూరూ 1813లో దాన్ని హిప్నియా ప్రజాతిలోకి మార్చారు. కాబట్టి మీ గుంపుల్లో దేనికైనా ఆ పేరు చెందాలంటే, అది ఆ టైప్ నమూనాతోనో, అది సాధ్యం కాకపోతే కనీసం ట్రియెస్ట్ చుట్టుపక్కల నుంచి తెచ్చిన తాజా నమూనాలతోనో సరిపోవాలి. సూక్ష్మదర్శిని గారు చెప్పిన బ్రెజిల్ ఉదాహరణ కూడా ఇక్కడికే వచ్చి ఆగింది. అక్కడి మూడు రూపాలూ ఒకటే అని తేలడంతో పాటు, ఆ ఒక్కటీ అసలు మస్కిఫార్మిస్ కాదని కూడా తేలింది. అందుకే 2015లో దానికి హిప్నియా సూడోమస్కిఫార్మిస్ అనే కొత్త పేరు పెట్టారు. మీ మూడు గుంపుల్లో ఒక్కటి కూడా మస్కిఫార్మిస్ కాకపోయే అవకాశం నిజంగా ఉంది.

మిగిలినవి కొత్త జాతులని అనేముందు చేయవలసిన పని ఇంకా పెద్దది. ఈ ప్రజాతిలో ఇంతవరకు పెట్టిన పేర్లన్నీ, తరువాతి వాళ్లు పర్యాయపదాలని కొట్టివేసినవి కూడా కలిపి, ఒక పట్టిక వేసుకోండి. 19వ శతాబ్దంలో ఎవరో సన్నని తేడా గమనించి పేరు పెట్టగా, తరువాత వచ్చినవారు ఆ తేడాను లెక్కచేయకుండా పెద్ద జాతిలో కలిపేసిన సందర్భాలు ఎర్ర శైవలాల్లో లెక్కలేనన్ని. నియమావళిలో ముందు ప్రచురించిన పేరుదే హక్కు. ఉత్తర ఐరోపాలో ప్లోకామియం కార్టిలాజినియం అని పిలిచినదానిలో నాలుగు నిగూఢ జాతులు ఉన్నాయని 2005లో తేలినప్పుడు, వాటిలో ఒకదానికి కొత్త పేరు అవసరం రాలేదు. క్యూట్సింగ్ ఎప్పుడో పెట్టిన ప్లోకామియం లింగ్‌బియానం అనే పేరునే తిరిగి నిలబెట్టారు. పాతవాళ్ల కన్ను మనం అనుకున్నదానికన్నా పదునైనదని ఇలాంటి సందర్భాల్లో నాకు అనిపిస్తుంది.

హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట) ఉన్న వందేళ్లు దాటిన నమూనాల నుంచి కూడా డీఎన్‌ఏ తీయవచ్చు. గైగార్టినేసీ కుటుంబానికి చెందిన పసిఫిక్ జాతుల టైప్ నమూనాల నుంచి డీఎన్‌ఏ తీసి, చిక్కుపడిన పేర్లను సరిచేయవచ్చని హ్యూయీ, సిల్వా, హోమర్‌సాండ్ 2001లో చూపారు. ఆ తరువాత ఈ పద్ధతి ఎంతో ముందుకు వెళ్లింది. పగడపు దిబ్బలను కట్టే పోరోలిథాన్ ఆంకోడెస్ అనే గట్టి పొరలాంటి శైవలాన్ని హైడ్రిచ్ 1897లో న్యూగినీ దగ్గరి నమూనాలతో వర్ణించారు. ఆ ఒక్క పేరు కింద కనీసం 20 జాతులు కలిసిపోయి ఉన్నాయని 2018లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఆ ఇరవైలో అసలు ఆంకోడెస్ ఏదో చెప్పడం టైప్ నమూనా లేకుండా సాధ్యమయ్యేది కాదు.

పాత నమూనాలో డీఎన్‌ఏ చిన్న చిన్న ముక్కలుగా విరిగి ఉంటుంది కాబట్టి పూర్తి జన్యువును ఒకేసారి చదవాలని ఆశించవద్దు. ఆర్‌బీసీఎల్‌లో మీ మూడు గుంపులను వేరుచేసే స్థానాలు ఎక్కడ దగ్గరదగ్గరగా ఉన్నాయో ముందే చూసి పెట్టుకొని, ఆ ఒకటి రెండు వందల క్షారాల భాగం కోసమే ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవాలో చెప్పే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) తయారుచేసుకోండి. హెర్బేరియం అధికారుల అనుమతితో కొన్ని మిల్లీమీటర్ల ముక్క మాత్రమే తీసుకోవాలి. తాజా శైవలాల డీఎన్‌ఏ ఎన్నడూ పెంచని గదిలో ఆ పని జరగాలి, ఎందుకంటే మీ బల్ల మీద మిగిలిన కొత్త హిప్నియా డీఎన్‌ఏ అణుమాత్రం చేరినా వుల్ఫెన్ నమూనాకు మీ నమూనా పేరు వస్తుంది. వీలైతే ఆ ముక్కలో సగాన్ని వేరే ప్రయోగశాలకు పంపి, అక్కడా అదే ఫలితం వస్తుందో లేదో చూడటం ఉత్తమం.

సమాధానం: అణువు

పాతనమూనా గారి మాటలతో నాకు ఏ అభ్యంతరమూ లేదు. సూక్ష్మదర్శిని గారి వరుసను మాత్రం ఒకచోట ప్రశ్నించదలిచాను. రూపంలో తేడా కోసం వెతకడం మంచిదే. కానీ స్త్రీ, పురుష, సిద్ధబీజద మొక్కలన్నీ మూడు గుంపుల్లోనూ దొరికేదాకా ప్రచురణ ఆపాలంటే ఏళ్లు గడిచిపోవచ్చు. ఈలోగా ఆ జాతులు లేనట్లే లెక్క. దీనివల్ల నష్టం వాస్తవమైనది. వాయవ్య పసిఫిక్ నుంచి వచ్చిన గ్రాసిలేరియా వెర్మిక్యులోఫిల్లా ఐరోపా, ఉత్తర అమెరికా తీరాల్లో విస్తరించింది. స్థానిక జాతులను పోలి ఉన్నందువల్ల అది చాలాచోట్ల గుర్తింపునకు రాలేదు, డీఎన్‌ఏ పరీక్షలతోనే వలస జాతి అని స్థిరపడింది. హిప్నియా మస్కిఫార్మిస్ 1974లో హవాయిలోకి ప్రవేశించి అక్కడి తీరాలకు బెడదగా మారింది. మీ మూడు గుంపుల్లో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏది ఎక్కడ వ్యాపిస్తోందో చెప్పాలంటే ముందు వాటికి పేర్లు ఉండాలి. మైటోకాండ్రియా, హరితరేణువు, కేంద్రకం మూడింటి జన్యువుల సాక్ష్యం, ఒకే రాతి మీద సహజీవనం, ఈ రెండూ ఉంటే రూపంలో తేడా దొరకకపోయినా జాతిగా ప్రకటించవచ్చునని నా దృఢమైన అభిప్రాయం.

సమాధానం: సూక్ష్మదర్శిని

తేడా దొరకాలని నేను అనలేదు, వెతికి ఉండాలన్నాను. నియమావళి కూడా ఇక్కడ కొంత నా వైపే ఉంది. 2012 జనవరి 1 నుంచి కొత్త జాతి వర్ణన లాటిన్‌లో గాని ఇంగ్లీషులో గాని ఉండవచ్చు, ఆ వర్ణనలో డీఎన్‌ఏ లక్షణాలను చేర్చడానికి అడ్డు లేదు. కానీ 1958 జనవరి 1 నుంచి వర్ణించే శైవల జాతికి, శిలాజాలను మినహాయిస్తే, దాని విశిష్ట స్వరూపాన్ని చూపే చిత్రం తప్పనిసరి. టైప్ కూడా నమూనాయే కావాలి, అనుక్రమం టైప్ కాలేదు. అంటే మీరు ఎంత డీఎన్‌ఏ చదివినా, చివరికి ఒక మొక్కను చూపించి దాని అడ్డుకోతను, పునరుత్పత్తి అవయవాలను బొమ్మగా వేయవలసిందే. అన్ని దశలూ దొరికేదాకా ఆగనక్కరలేదన్న అణువు గారి మాట ఒప్పుకుంటాను. దొరికిన దశలను పూర్తిగా వర్ణించి, దొరకని దశ ఏదో స్పష్టంగా రాస్తే చాలు.

జలధి గారూ, మీరు సేకరణ కొనసాగిస్తారు కాబట్టి ఒక విషయం ఇప్పుడే అలవాటు చేసుకోండి. ఒక మొక్కను సేకరించిన వెంటనే మూడు భాగాలు చేయండి. లేత కొమ్మ సిలికా జెల్‌లోకి డీఎన్‌ఏ కోసం, మరొక ముక్క సముద్రపు నీటిలో కలిపిన 5 శాతం ఫార్మలిన్‌లోకి అడ్డుకోతల కోసం, మిగిలిన మొక్క హెర్బేరియం కాగితం మీదికి వెళ్లాలి. ఫార్మలిన్‌లో ఉంచినదాని నుంచి డీఎన్‌ఏ తీయడం చాలా కష్టం కాబట్టి ఆ రెండిటినీ ఒకదానికొకటి ప్రత్యామ్నాయంగా భావించవద్దు. మూడింటికీ ఒకే అంకె వేయండి. ఒకే రాతి మీద రెండు గుంపులు పక్కపక్కన పెరుగుతున్నాయని మీరే రాశారు. అలాంటి చోట ఒక గుప్పెడు పీకి ఒకే కాగితం మీద పరిస్తే, ఆ కాగితం మీద రెండు జాతులు ఉండే ప్రమాదం ఉంది. రేపు ఆ కాగితాన్నే టైప్‌గా ప్రకటిస్తే, ఏ మొక్క అనుక్రమం ఆ పేరుకు చెందుతుందో తేల్చలేక ఇబ్బంది పడతారు. కాగితానికి ఒక మొక్కే ఉంచండి. అప్పటికే పరిచిన పాత కాగితాలు ఉంటే, వాటి మీద ప్రతి మొక్క పక్కన విడివిడిగా అంకె వేసి, డీఎన్‌ఏ ఏ మొక్క నుంచి తీశారో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.